జాబితాలో మన పేరు



మా మందమర్రిలో బొగ్గుబాయి షిఫ్టులను బట్టే కాపురాలు నడుస్తాయి. బాయి పని ఉన్నన్నాళ్ళు క్వార్టరు. రిటైరైతే తాళంచెవి అప్పగించి వేరే ఇల్లు చూసుకోవాలి. మా పక్కింటి వదినావాళ్ళు అలాగే రెండు వీధుల అవతలికి మారారు. తీరా ఓటు రోజున వెళితే జాబితాలో అన్నయ్య పేరుంది, వదిన పేరు లేదు!

“ఇల్లు మారిన్నని తీసేసిండ్రట. మారితే ఇద్దరం మారితిమి గదా! ఆయన ఉన్నడు, నేను లేనా?” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికొచ్చి, మా అబ్బాయిని కూర్చోబెట్టి చట్టం చదివించుకున్నాను. మనవంటి ఇల్లాళ్ళు తెలుసుకోవలసినవి అందులో చాలానే ఉన్నాయండీ.

మన గుమ్మంలోకి వచ్చి పేర్లు రాసుకునేది టీచరమ్మో, అంగన్‌వాడీ అమ్మాయో, మరో సర్కారు ఉద్యోగో. జీతం సర్కారుదే. కాని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989లో చేరిన నిబంధన ప్రకారం, ఆ పని చేసినంత కాలం వారు ఎన్నికల సంఘం అదుపులోనే ఉంటారు. పై ఆఫీసరు చెప్పాడనో, ఊరి పెద్ద కన్నెర్రజేశాడనో పేరు చేర్చడానికీ తీయడానికీ వీల్లేదు. కావాలని విధి తప్పితే మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ళదాకా జైలు, జరిమానా కూడా.

సర్కారు చేతికి మరో కట్టడి కూడా ఉంది. ఈ పనికని టీచర్లను మామూలుగా పాఠాల వేళ పంపకూడదనీ, సెలవుల్లోనూ పాఠాలు లేని సమయాల్లోనూ చేయించుకోవాలనీ 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఓటూ ఉండాలి, మన పిల్లల చదువూ సాగాలి కదా!

ఇక వదిన సంగతి. “ఈమె ఇక్కడ ఉండటం లేదు” అని పేరు తీసేముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలని అదే చట్టంలోని 22వ సెక్షను. పక్కింటివాళ్ళను అడిగి కొట్టేస్తే చెల్లదన్నమాట. 2021 సవరణతో ఆధారు నంబరు అడుగుతున్నారు. తగిన కారణం ఉండి ఇవ్వలేకపోతే, అందుకని పేరు తీయకూడదని కూడా ఆ సవరణలోనే ఉంది.

అయితే చట్టం ఎంత గట్టిదైనా, మన పేరు మనం చెప్పుకోకపోతే అదేం చేస్తుంది? 1951-52 తొలి ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షలమంది స్త్రీలు, ఎక్కువగా ఉత్తరాదివారు, సొంత పేరు చెప్పక “ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని” అని రాయించుకున్నారు. అలాంటి పేర్లు జాబితాకు పనికిరావని అప్పటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ తీసివేయించారు. “ఇంటాయన చూసుకుంటారులే” అని మనం ఊరుకోవడం దానికి చెల్లెలు కాదూ?

కనుక ఓట్లు వచ్చేదాకా ఆగకండి. ముసాయిదా జాబితా వేసినప్పుడే మీ పేరు మీ కళ్ళతో చూసుకోండి. ఇల్లు మారితే ఫారం 8, పేరు పోయిందని తేలితే ఫారం 6 నింపండి. రసీదు తప్పక అడగండి. అనుమానముంటే 1950 నంబరుకు ఫోను చేయండి.

వదిన ఫారం 6 తానే నింపింది. పేరు రాసేచోట అన్నయ్య కలం అందుకోబోతే, “నా పేరు నేను రాసుకుంట, ఆగు” అంది. కొత్త జాబితా వచ్చింది, వదిన పేరుంది. మరి మీ పేరో? ఈ వారమే చూసుకోండి.