ఇంటర్వ్యూ బట్టలు వేరు, మెడికల్ బట్టలు వేరు
(న్యూ సెటిల్‌మెంట్‌లో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద వక్తను కాను. ఇంటర్ పాసై 1988లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం మిలిటరీ ఆసుపత్రుల్లోనే గడిచింది. ఆ రోజుల్లో ఎన్నో మెడికల్ బోర్డుల దగ్గర నిలబడి, కుర్రాళ్ళ ఎత్తు కొలిచాను, బీపీ చూశాను, పేర్లు పిలిచాను. కార్యదర్శిగారు నాతో "ఈసారి యుద్ధం కబుర్లు వద్దు, పిల్లలకు పనికొచ్చేది చెప్పండి" అన్నారు. అందుకని ఒక చిన్న విషయం ఎన్నుకున్నాను. పైలట్ మెడికల్ పరీక్షకు పోయేటప్పుడు ఏ బట్టలు వేసుకోవాలి? ఇదే నా విషయం. నవ్వకండి, చివరిదాకా వినండి.

మన ఖరగ్‌పూర్‌లో పైలట్ అంటే ఇద్దరు. ఒకరు రైలు నడిపేవారు, ఒకరు విమానం నడిపేవారు. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుండి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి ఇక్కడికొచ్చారు. ఇంజన్లో బొగ్గు వేసిన చేతులు వాళ్ళవి. వాళ్ళ పిల్లలు డ్రైవర్లయ్యారు, మనవలు ఇప్పుడు లోకో పైలట్లు. ఇక తలెత్తి చూస్తే కలైకుండా విమానాలు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ విమానాలు ఆ ఎయిర్‌ఫీల్డు మీద దాడి చేసిన సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అదే కలైకుండాలో 2019 మే నెలలో మోహనా సింగ్ అనే ఆడపిల్ల హాక్ జెట్ విమానం మీద పగటి వేళకు పూర్తి ఆపరేషనల్ అర్హత సాధించింది. పట్టాలు చూస్తూ, ఆకాశం చూస్తూ పెరిగిన పిల్లలు మనవాళ్ళు. పైలట్ అవ్వాలని వాళ్ళు అనుకోవడంలో వింత లేదు.

రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసే ఒకాయన మా ఇంటికొచ్చాడు. "సుబేదార్ గారూ, మా అమ్మాయి ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూలో నెగ్గిందండి. మెడికల్‌కి బెంగుళూరు రమ్మన్నారు. కొత్త బట్టలు ఏం కొనమంటారు?" అన్నాడు. నాకు ఆనందం వేసింది. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అప్పుడాయన గొంతు తగ్గించి, "అక్కడ బట్టలు విప్పమంటారటండి. నిజమేనా? అలాగైతే నేను పంపను" అన్నాడు.

చూశారా, ఆయన అడగడానికి వచ్చిన అసలు ప్రశ్న అది. కొత్త బట్టల ప్రశ్న పైపైది.

ఆయనకు నేను నా కథ చెప్పాను, మీకూ చెబుతాను. 1988లో నేను రిక్రూట్‌మెంట్‌కి పోయినప్పుడు, గోల్‌బజార్‌లో గుడ్డ కొని బిగుతు ప్యాంటు కుట్టించుకున్నాను. పైకి దొరబాబులా ఉన్నాను. లోపల మాత్రం చిరుగుల పాత చెడ్డీ. "కపడే ఉతారో" అని ఆర్డరొచ్చింది. పక్కనున్న కుర్రాళ్ళందరూ విప్పేశారు. నేను నడుం పట్టుకుని నిలబడిపోయాను. చెమటకి తడిసిన ప్యాంటు మోకాళ్ళ దగ్గర అతుక్కుపోయి, లాగబోయి పడ్డాను. అందరూ నవ్వారు. బీపీ చూస్తే ఎక్కువ. మళ్ళీ చూస్తే ఇంకా ఎక్కువ. ఇక అయిపోయింది, ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలి అనుకున్నాను.

అక్కడ ఒక తెలుగు హవల్దారుగారు ఉన్నారు. నేను "అమ్మా" అని గొణుక్కోవడం విన్నారు. తన తువ్వాలు ఇచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి ఒక్క మాట అన్నారు. "తమ్ముడూ, ఇక్కడ నీ బట్టలు ఎవడికీ అక్కర్లేదు. ఒంట్లో జబ్బుందా లేదా, అంతే చూస్తారు. నువ్వు దాచుకుంటే ఏదో ఉందనుకుంటారు." అరగంట తర్వాత బీపీ మామూలుకొచ్చింది, పాసయ్యాను. ఆయన పేరు నాకు తెలీదు. ట్రేడు అడిగినప్పుడు మెడికల్ కోర్ అన్నది మాత్రం ఆయన్ని చూసే.

ఇప్పుడు బట్టలెందుకు విప్పమంటారో చెప్పుకుందాం. ఎవరినీ అవమానపరచడానికి కాదు. మన కోస్తా వైపు వరిబీజం మనకు కొత్త కాదు. హెర్నియా, వరికోసీల్, మొలలు ఇవన్నీ బట్టల మీద నుండి కనపడవు. విమానంలో గట్టి మలుపు తిరిగినప్పుడు ఒంటి బరువు ఎన్నో రెట్లవుతుంది. నేల మీద చిన్నదిగా ఉన్న లోపం అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. వెన్నెముక ఎక్స్‌రే తీసేదీ అందుకే. ఎజెక్షన్ సీటు పైలట్‌ని ఒక్క ఉదుటున పైకి విసురుతుంది, ఆ దెబ్బ పడేది వెన్ను మీద. కొలతలూ అంతే. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచి నోటిఫికేషన్లలో కూర్చున్న ఎత్తు 81.5 నుండి 96 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 నుండి 120, తొడ పొడవు 64కి మించకూడదు అని ఇచ్చారు. తొడ పొడుగైతే ఎజెక్ట్ అయ్యేటప్పుడు మోకాళ్ళు ముందున్నదానికి తగులుతాయి. ఈ అంకెలు మీ నోటిఫికేషన్‌లో ఎలా ఉన్నాయో మీరే చూసుకోండి.

ఇక బట్టల సంగతి. పిల్లలూ, రాసుకోండి.

మొదటిది, ఇంటర్వ్యూకి కట్టుకున్న టై, కోటు, బిగుతు షూ పెట్టెలో పెట్టేయండి. మెడికల్‌కి శుభ్రమైన, వదులుగా ఉండే, చటుక్కున విప్పి చటుక్కున వేసుకునే బట్టలు కావాలి. ముందు గుండీలున్న చొక్కా మంచిది. చేతులు భుజం దాకా సులువుగా మడతపడాలి. బిగుతు చెయ్యి పైకి లాగి కట్టు కడితే బీపీ సరిగా రాదు. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా, మూత్రం ఆపుకోకుండా, అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్నాకే చూపించుకోండి.

రెండవది, లోపలి బట్టలు. నా కథ విన్నారుగా. కొత్తవే అక్కర్లేదు, ఉతికినవి, చిరగనివి చాలు. పరీక్ష ఒక్క రోజుతో అయిపోదు, కొన్ని రోజులు పడుతుంది. కనీసం నాలుగు జతలు, ఒక వదులు నిక్కరు, ఒక తువ్వాలు పెట్టుకోండి. బెంగుళూరులో ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీలో ఎయిర్‌ఫోర్స్ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్, ఈ రెండు చోట్ల ఎక్కడికి పిలుస్తారో కాగితంలో ఉంటుంది. జనవరిలో ఢిల్లీ అయితే తల మీంచి లాగే స్వెట్టరు వద్దు, ముందు జిప్పున్నది తీసుకెళ్ళండి.

మూడవది, కాళ్ళకు. లేసుల బూట్లు ప్రతి గదిలో విప్పి కట్టుకోవడం తలనొప్పి. మెత్తటి చెప్పులు మేలు. పాదాలు చదునుగా ఉన్నాయా, ఆనెలున్నాయా చూస్తారు. గోళ్ళు తీసుకుని, పాదాలు కడుక్కుని వెళ్ళండి.

నాలుగవది, లోహం. గొలుసు, ఉంగరం, మొలతాడుకున్న వెండి బిళ్ళ, తాయెత్తు ఎక్స్‌రేలో అడ్డొస్తాయి. అమ్మ కట్టిన తాయెత్తు తీస్తే అపశకునం అనుకోకండి. తీసి పర్సులో భద్రంగా పెట్టుకోండి, పరీక్షయ్యాక కట్టుకోండి. అమ్మ దీవెన ఎక్కడికీ పోదు.

అయిదవది, ఒంటికి నూనె, పౌడరు, క్రీము రాసుకోవద్దు. ఈసీజీ తీసేటప్పుడు అంటించేవి నిలవవు. గోళ్ళ రంగు తీసేయాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు దానివల్ల తప్పు చూపించవచ్చు.

ఆరవది, పచ్చబొట్టు. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు ఉంటే ఒప్పుకుంటారు. గిరిజనులకు వాళ్ళ ఆచారాన్నిబట్టి మినహాయింపు ఉంది. పొడుగు చేతుల చొక్కాతో పచ్చబొట్టు దాచలేరు. జాతరలో సరదాకి పొడిపించుకునే ముందే ఆలోచించుకోవాలి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రోజు మా ఆవిడే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పింది. పొడుగు గౌను లాంటి ఒంటి ముక్క బట్టలు వద్దు, పైది కిందిది విడిగా ఉన్న వదులు సల్వార్ కమీజు తీసుకో. లోహపు కొక్కేలు లేని లోబట్టలు ఒక జత ఉంచుకో. కొప్పు పెట్టుకోకు, ఎత్తు కొలిచేటప్పుడు అడ్డొస్తుంది, కిందికి జడ వేసుకో. ఆడపిల్లల్ని లేడీ డాక్టరు చూస్తారు, లేదా ఆడ అటెండెంటు ఉండగా చూస్తారు. ఆమె గదిలో లేకపోతే "మేడం వచ్చాక చూపిస్తాను" అని అడగడం నీ హక్కు. సిగ్గు వేరు, హక్కు వేరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. దాచడానికి ఏదీ వేసుకోకండి. కళ్ళలో లెన్సు పెట్టుకుని నెట్టుకొద్దామనుకునేవాళ్ళని నేను చూశాను. రంగులు తెలియనివాళ్ళు ఎర్ర లెన్సు పెట్టుకొచ్చిన సంగతులూ ఉన్నాయి. కళ్ళ డాక్టరు దీపం వేసి చూస్తే దొరికిపోతుంది. కళ్ళద్దాలుంటే అద్దాలు, పాత చీటీ తీసుకెళ్ళి నిజం చెప్పండి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి కావలసింది ఏ-1 క్లాసు. దానికి అద్దాలు లేకుండా రెండు కళ్ళకీ 6/6 ఉండాలి. ప్లస్ 2 పవర్ అద్దం పెట్టి కూడా పరీక్షిస్తారు. లేజర్‌తో చూపు సరిచేయించుకున్నవాళ్ళు ఆ పోస్టుకి పనికిరారు. ఇది తెలియక లేజర్ ఆపరేషను చేయించుకుని వచ్చి, మా ఇంట్లో కూర్చుని ఏడ్చిన కుర్రాడున్నాడు. మన వీధి రైలు వీధి. వెనక బోగీల్లో వందల మంది నిద్రపోతుంటే ముందు కూర్చున్నవాడికి ఎర్ర దీపం ఎర్రగానే కనపడాలి. అక్కడ మోసం చేసి నెగ్గితే ఎవరి ప్రాణాలతో ఆడుకుంటున్నామో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రైవేటు పైలట్ కోర్సులో చేర్పించాలనుకుంటే, ఇల్లు తాకట్టు పెట్టకముందే డీజీసీఏ గుర్తింపు పొందిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 చేయించండి. కమర్షియల్ లైసెన్సుకి క్లాస్ 1 తప్పదు. ముందు మెడికల్, తర్వాత ఫీజు. ఈ వరస తిరగబడితే డబ్బూ పోతుంది, పిల్లవాడి గుండే చెదురుతుంది.

ఒకవేళ అన్‌ఫిట్ అని రాస్తే అక్కడితో జీవితం ఆగిపోదు. టెంపరరీనా, పర్మనెంటా, కారణం ఏమిటి, అప్పీల్ గడువు ఎంత, ఆ కాగితం మూడుసార్లు చదవండి. చెవిలో గుమిలి, పంటి పుచ్చు, బరువు లాంటివి సరిచేసుకోగలిగినవి. ఇంకా మంచిది, పిలుపు రాకముందే ఇక్కడే చూపించుకుని సరిచేసుకోండి.

ఆ ఫిట్టరుగారు మా ఇంట్లో చల్లారిపోయిన టీ తాగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మా నాన్న రైల్వేలో చేరినప్పుడూ ఇలాగే నిలబెట్టి చూశారటండి. మాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. మరుసటి వారం తనే బెంగుళూరు తీసుకెళ్ళాడు. అమ్మాయి రెండు మామూలు సల్వార్లు, చెప్పులు, ఒక తువ్వాలు పట్టుకెళ్ళింది. కొత్తది ఒక్కటీ కొనలేదు. మెడికల్ ఫిట్ అయ్యింది. మెరిట్ లిస్టులో మాత్రం పేరు రాలేదు. అది వేరే సంగతి, మార్కులది. మళ్ళీ పరీక్ష రాస్తోంది. "ఈసారి నేనొక్కదాన్నే వెళ్తాను నాన్నా" అందట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆయన మొహంలో గర్వం చూడాలి.

ఇక్కడున్న ప్రతి సైనికుడూ ఒకప్పుడు అలా లైనులో నిలబడినవాడే. ఆ విషయం మనం ఇంట్లో చెప్పం, సిగ్గుపడతాం, నవ్వి తప్పించుకుంటాం. అందుకే మన పిల్లలు భయపడుతూ వెళ్తున్నారు. ఈ రాత్రి ఇంటికెళ్ళి మీ మెడికల్ కథ మీ పిల్లలకు చెప్పండి. ఆ హవల్దారుగారు నాకిచ్చిన తువ్వాలు తిరిగి ఇవ్వలేకపోయాను. ఇలా ఇంకొకరికి అందిస్తే ఆ బాకీ తీరుతుంది.

 సెలవు. జై హింద్.