గ్రంథమును చదివిన రాయబారి
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్నాహ్వానించినందులకు కృతజ్ఞుడను. గ్రంథపఠనము యొక్క ప్రయోజనములను పెద్దలు మీకు పలుమారులు చెప్పియున్నారు. నేను మరల వానిని వల్లించను. ఒక గ్రంథమును చదువవలసిన తీరున చదివిన యొక మనుష్యుని కథను మాత్రము మనవి చేసెదను. ఆయన బ్రిటిషు రాయబారి సర్ హోరేస్ రంబోల్డు.

ఆ దూరదేశీయునితో మనకేమి పని యని మీరడుగవచ్చును. ఆ వంశనామము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆయన తాతకు తాతయైన సర్ థామస్ రంబోల్డు 1778 మొదలు 1780 వరకు చెన్నపట్టణమున గవర్నరుగా నుండెను. ఉత్తర సర్కారుల జమీందారులను శిస్తు నిర్ణయమునకై చెన్నపట్టణమునకు రమ్మని ఉత్తరువు చేసినవాడు అతడే. తాత సర్ విలియం రంబోల్డు హైదరాబాదులో పామరు కంపెనీ భాగస్వామి. ఆ కంపెనీ నిజాము ప్రభుత్వమునకు అధికమైన వడ్డీకి అప్పులిచ్చి చరిత్రకెక్కెను. తండ్రి కలకత్తాలో పుట్టి, దౌత్యశాఖలో చేరి, వియన్నాలో రాయబారి యయ్యెను. ఇట్టి వంశమున మన కథానాయకుడు 1869 లో సెంట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను.

1891 లో ఆయన దౌత్యశాఖలో ప్రవేశించెను. కైరో, టెహరాను, వియన్నా, మాడ్రిడ్, టోకియో నగరములలో పనిచేసెను. 1914 జూలైలో బెర్లినులోని బ్రిటిషు రాయబారి సెలవులో నుండగా కార్యాలయ భారము కొన్నిదినములు ఆయనపై బడెను. మొదటి ప్రపంచయుద్ధము ఎట్లు ముంచుకొని వచ్చెనో ఆయన కన్నులార చూచెను.

1920 లో ఆయన కాన్‌స్టాంటినోపిలునకు హైకమీషనరుగా వెళ్లెను. రెండేండ్ల పిమ్మట, 1922 సెప్టెంబరులో, ముస్తఫా కెమాలు సేనలు చనక్ వద్ద బ్రిటిషు సైన్యమునకు ఎదురుగా నిలిచెను. తొలగకున్నచో కాల్పులు జరుపుదుమని తుది హెచ్చరిక నిమ్మని లండను మంత్రివర్గము ఉత్తరువు పంపెను. సేనాని హారింగ్టను ఆ హెచ్చరికను అందజేయక నిలిపివేసెను. రంబోల్డు ఆయనను సమర్థించెను. అక్టోబరు 11 న ముదాన్యాలో యుద్ధవిరమణ జరిగెను. మరుసటి సంవత్సరము జూలై 24 న లాసాన్ సంధిపత్రముపై బ్రిటను తరఫున రంబోల్డు సంతకము చేసెను. ఆయన యుద్ధమును కోరు స్వభావము గలవాడు కాడని చూపుటకే ఈ విషయము చెప్పితిని.

స్పెయినులో కొంతకాలము రాయబారిగా నుండి, 1928 లో ఆయన బెర్లినునకు రాయబారిగా వచ్చెను. 1933 జనవరి 30 న హిట్లరు జర్మనీ ప్రధానమంత్రి యయ్యెను. పదవి చేతికి వచ్చినచో ఎంతటి దుడుకువాడైనను నెమ్మదించునని అప్పుడు అనేకులు తలచిరి. రంబోల్డు అట్లు ఊహించి ఊరకుండలేదు. హిట్లరు వ్రాసిన 'మైన్ కాంఫ్', అనగా 'నా పోరాటము' అను గ్రంథమును ముందిడుకొనెను. దాని రెండు సంపుటములు 1925, 1926 సంవత్సరములలోనే వెలువడినవి. అయినను ఇంగ్లీషు అనువాదము ఇంకను రాలేదు. సంక్షిప్తముగా వచ్చినది 1933 అక్టోబరులోనే. కావున ఆయన జర్మను మూలమునే పరిశీలించెను.

1933 ఏప్రిలు 26 న ఆయన విదేశాంగమంత్రి సర్ జాన్ సైమనునకు దీర్ఘమైన నివేదిక పంపెను. దాని సారాంశమిది: మనుష్యుడు పోరాడు జంతువనియు, పోరాడని జాతి నశించుననియు ఈ గ్రంథకర్త విశ్వాసము. సైన్యబలముతో తూర్పున భూమిని సంపాదించుట అతని లక్ష్యము. బలము చేకూరువరకు శాంతివచనములు పలికి ఇతర దేశములను ఏమరింపజేయును. అతడు మారునని నమ్ముట పొరపాటు.

మూడు వారములు గడచెనో లేదో, మే 17 న హిట్లరు శాంతిని గూర్చి మధురమైన ఉపన్యాసము చేసెను. విదేశములలో పలువురు దానిని మెచ్చుకొనిరి. అంతకు ముందే, మే 11 న, రంబోల్డు హిట్లరును స్వయముగా కలిసి, యూదులపై జరుగుచున్న దౌర్జన్యములను ప్రస్తావించెను. హిట్లరు బహిరంగసభలో వలె కేకలు వేసి ఆగ్రహించెను. ఆ వేసవిలోనే, 64 ఏండ్ల వయస్సున, రంబోల్డు ఉద్యోగవిరమణ చేసెను.

ఆయన నివేదిక లండనులో మరుగుపడలేదు. మంత్రులు దానిని చదివిరి. కాని గడచిన యుద్ధమున బిడ్డలను పోగొట్టుకొన్న ప్రజలు మరియొక యుద్ధపు మాట వినజాలకుండిరి. ఖజానాలో ధనము కొరవగా నుండెను. మాట్లాడి సరిపెట్టుకొనవచ్చునను ఆశ పాలకులకుండెను. వారి సంకోచమునకు కారణములు లేకపోలేదు. అందుచేతనే చేదైన నిజము వారికి రుచింపలేదు. 1937 లో బెర్లినునకు వచ్చిన రాయబారి నెవిల్ హెండర్సను హిట్లరుతో సఖ్యము సాధ్యమని నమ్మెను. 1938 లో మ్యూనిక్ ఒడంబడిక, 1939 లో యుద్ధము. లక్షలకు లక్షలు ప్రాణములు పోయినవి. ఆ యుద్ధము సాగుచుండగానే 1941 మే 24 న రంబోల్డు మరణించెను.

ఆయనను మహాత్ముడని నేను కీర్తించుట లేదు. మనలను పాలించిన సామ్రాజ్యమునకు ఆయన సేవకుడు. కాని ఒక సేవకుడు యజమానికి చేయదగిన మేలు ఆయన చేసెను. వినువారికి ఇంపుగా నుండునా యని చూడక, చదివినది చదివినట్లు వ్రాసి పంపెను.

సోదరులారా, ఆ గ్రంథము రహస్యము కాదు. వెలయిచ్చి కొనదలచిన వారికెల్లరకు జర్మనీలోని పుస్తకముల అంగళ్లలో దొరకినది. దానిని కొన్నవారెందరో, మెచ్చినవారెందరో, తెగడినవారెందరో! ఇందు చెప్పినది ఇతడు నిజముగా చేయదలచినాడా యని యోచించి చదివినవారు కొలదిమంది. మన బీరువాలలోని పుస్తకములను ఇంటికి తీసికొనిపోవునప్పుడు ఆ ముదుసలి రాయబారిని ఒక్కసారి తలచుకొనుడు. మనకు నచ్చిన మాటను మాత్రమే ఏరుకొనక, వ్రాసినవాడు ఏమి చెప్పుచున్నాడో తుదివరకు చదివి తెలిసికొనుడు. తెలిసినదానిని ఇరుగుపొరుగువారికి జంకక చెప్పుడు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని కోరుచున్నాను.