కిల్టుకు కత్తెర వద్దు



మొన్న బాంబూఫ్లాట్‌లో మా ఇంటికి ఒక కుర్రాడు పైప్ బ్యాండు కిల్టు తెచ్చాడు. నడుము రెండంగుళాలు వదులు. కత్తెర తీయబోతే ఆపాను.

సర్వీసులో నేనూ ఒకసారి కుచ్చిళ్ళు కత్తిరించి కుట్టాను. నాకు సరిపోయింది. నా తర్వాత వచ్చిన లావుపాటి జవానుకి పట్టలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

పద్ధతి సులువు. బకిల్స్ కుట్లు విప్పి, కుడివైపు ఒక అంగుళం, ఎడమవైపు ఒక అంగుళం వెనక్కి జరపండి. ఒకవైపే జరిపితే ముందు పల్లె భాగం పక్కకి పోతుంది. ముందు పచ్చికుట్టు వేసి, తొడిగి, నడిచి చూసుకోండి. సరిపోతేనే జంటదారంతో గట్టిగా కుట్టండి. పొడవెక్కువైనా కింది అంచు కోయకండి, అది నేతలోనే వచ్చిన అంచు.

యూనిఫారం మన ఒక్కరిదే కాదు, తర్వాత తొడిగేవాడిది కూడా. జై హింద్.