చెట్టూ చెరువూ మన పిల్లల అమానతు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో పిల్లల చదువుల గురించి, పేదింటి పెళ్లిళ్ల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావలసినవే. ఈసారి చెట్టు గురించి, నీటి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఇది పట్నంలో చదువుకున్నవాళ్ల సంగతి, మనకెందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. కాని బోరు ఎండిపోతే ముందుగా బిందె పట్టుకొని బయలుదేరేది పేదింటి ఆడపడుచే కదా!

మన దీన్‌కు ఇది కొత్త విషయం కాదు. ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తింటే అది అతనికి సదఖా అవుతుందని ప్రవక్త (స) బోధించారు. ఖయామత్ ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్నారు. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వజూలో నీళ్లు వృథా చేయవద్దన్నారు. వారు స్వయంగా లీటరు లోపు నీళ్లతో వజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. మరి మనం నల్లా తిప్పి కబుర్లలో పడితే ఎన్ని లీటర్లు పోతున్నాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇక మన ప్రాంతం సంగతి. 13వ శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులు నేటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరేది. తూము తీస్తే ఆయకట్టు తడిసేది. చెరువు నిండుగా ఉంటే ఊరి బావుల్లోనూ నీళ్లుండేవి. పూడిక నిండి, శిఖం భూములు ఆక్రమణల పాలై, కాలువలు మూసుకుపోయాక బోర్ల మీద పడ్డాం. 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని ప్రభుత్వం పూనుకొంది. ఆ పూడికమట్టిని రైతులు ఎరువుగా పొలాలకు తోలుకున్నారు. అయితే ప్రభుత్వం ఒకసారి పూడిక తీస్తుంది. మళ్లీ చెత్త పోయకుండా చూసుకోవలసింది ఊరివాళ్లమే.

యువకులు పూనుకుంటే ఏమవుతుందో 2025లో చూశాం. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలున్నాయి. భూమి తమదేననీ, అక్కడ అభివృద్ధి చేస్తే ఉద్యోగాలు వస్తాయనీ ప్రభుత్వం వాదన. అది నెమళ్లు, జింకలు తిరిగే అడవి అనీ, చెట్లు కొట్టవద్దనీ విద్యార్థుల వాదన. మార్చి 30న బుల్‌డోజర్లు దిగాయి. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. అయినా వారు వెనక్కి తగ్గలేదు. తరగతులు మాని నిరసన తెలిపారు. ఇంకొందరు హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. ఆ తర్వాత, పోయిన పచ్చదనాన్ని తిరిగి ఎట్లా తెస్తారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది.

ఇక్కడ తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. "మన పిల్లలు ఇట్లాంటి వాటిలో దిగితే కేసులు పడతాయి, ఉద్యోగాలు పోతాయి" అంటారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. దానిని తీసిపారేయను. కాని భయపడి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడితే, రేపు వాళ్లు తాగే నీటికి పూచీ ఎవరు? అడవులను, చెరువులను కాపాడటం ప్రతి పౌరుని విధి అని 1976లో మన రాజ్యాంగంలోనే చేర్చారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద చెరువు శిఖం ఎంత, హద్దులెక్కడ అని అర్జీ పెట్టి అడగవచ్చు. చట్టం చేతిలో పట్టుకొని, పెద్దలను వెంటబెట్టుకొని అడిగే పిల్లవాడిని ఎవరూ తప్పుపట్టలేరు.

కాబట్టి మన యువజనులకు నాలుగు పనులు అప్పగిస్తున్నాను.

ఒకటి: మసీదులో వజూ నీళ్లు మురికికాలువలోకి పోకుండా చెట్ల పాదుల్లోకి మళ్లించాలి.

రెండు: ఈద్‌గా, ఖబరస్తాన్‌లలో వేప, కానుగ మొక్కలు నాటాలి. నాటి ఫోటో దిగితే సరిపోదు. మూడు ఎండాకాలాలు నీళ్లు పోసి కాపాడాలి. ఒక్కొక్క మొక్క ఒక్కొక్క ఇంటి బాధ్యత.

మూడు: దావత్‌లలో, ఇఫ్తార్లలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు మానాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా అవి నిషేధమే. మన మోదుగాకు విస్తరి ఎక్కడికి పోయింది? కుట్టే ఆడవాళ్లకు నాలుగు పైసలూ దొరుకుతాయి.

నాలుగు: మన ఊరి చెరువు హద్దులు తెలుసుకొని, చెత్త పడకుండా అన్ని మతాల యువకులతో కలిసి కాపలా కాయాలి. చెరువు నీటికి మతం లేదు.

పెద్దలకు ఒక్క మనవి. పిల్లలు ఈ పనులకు ముందుకొస్తే "చదువుకోక ఇదేం పని" అని కసురుకోకండి. వెనక నిలబడండి. ఈ నేల మనకు ఆస్తి కాదు, అల్లాహ్ మన దగ్గర ఉంచిన అమానతు. అమానతు లెక్క అప్పజెప్పవలసిన రోజు ఒకటి ఉన్నది.

అల్లాహ్ మన యువకులకు మంచి తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.