ఆపద్రక్షకుల విద్య

ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వినట్లు అను సామెత మనమందరము ఎరిగినదే. అగ్నిమాపక దళమునందును, అత్యవసర వైద్యసేవయందును చేరగోరు యువకులకు దీనికి మించిన ఉపదేశము లేదని మేము తలచుచున్నాము. ఆపద వచ్చిన తరువాత నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడకు నిప్పంటుకొనెను. ప్రత్తిబేళ్లును, ప్రేలుడు పదార్థములును ఒకే ఓడలో నుండెను. మంటలార్పుచుండిన దళమువారు అనేకులు ఆ ప్రేలుడునకు బలియైరి. వారి స్మృతికై నేటికిని ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవము జరుపుచున్నాము. వారికి ధైర్యము కొరవడలేదు. అయినను, మండుచున్న వస్తువేదో, దాని ప్రక్కనున్నదేదో తెలియనిచో ధైర్యమొక్కటియే ప్రాణమును కాపాడజాలదు.

అన్ని మంటలును నీటితో ఆరవు. బాణలిలో అంటుకొనిన నూనెపై నీరు పోసినచో, అది తటాలున ఆవిరియై మంటను నలుదెసలకు ఎగజిమ్మును. పొగ నిండిన గదిలో నిలువబడరాదు. పీల్చదగిన గాలి నేలకు దాపుననే మిగిలియుండును. ఇట్టి విషయములను శాస్త్రీయముగా బోధించుటకై 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఏర్పడి, మరుసటి సంవత్సరము నాగపూరునకు తరలెను. 2002లో హర్షిణీ కన్హేకర్ అందు ప్రథమ విద్యార్థినిగా చేరుటతో ఈ విద్య స్త్రీలకును దక్కినది.

ఇక వైద్యసేవ సంగతి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ఆ వాహనమును నడపువానిని పైలట్ అందురు. రోగి చెంత శిక్షణ పొందిన సహాయకుడుండును. గుండె ఆగిన కొద్ది నిమిషములకే మెదడు దెబ్బతిన నారంభించును. అందుచే రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతున అదుమవలెను. ఇది పుస్తకము చదివినంతమాత్రమున రాదు, చేతికి అలవడవలెను. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఈ పనివారిని వృత్తినిపుణుల కోవలో చేర్చినది.

కుమారుడో కుమార్తెయో ఈ ఉద్యోగమును కోరినచో తల్లి గుండె తల్లడిల్లుట సహజము. ఆ భయమును మేము తేలికగా ఎంచము. అయితే రక్షకుడే పడిపోయినచో రక్షింపవలసినవారు ఇరువురగుదురు. కావున తన్ను తాను కాపాడుకొనుటయే ఈ విద్యలో మొదటి పాఠము. తల్లిదండ్రులు శిక్షణాలయమునకు స్వయముగా పోయి, దానికి ప్రభుత్వ గుర్తింపు కలదా, విద్యార్థులు ఆస్పత్రిలో ఎన్ని దినములు, అభ్యాస మైదానములో ఎన్ని దినములు గడుపుదురని అడుగవలెను. తృప్తికరమైన సమాధానము లభించినచో బిడ్డను ఆశీర్వదించి పంపుదము. మన వీధిలో గంట మ్రోగించుచు వచ్చువారును ఎవరో తల్లి పంపిన బిడ్డలే కదా!