పంటికొక పహాణీ



పహాణీ అన్న మాట తెలంగాణ రైతునకు వివరింపనక్కరలేదు. సర్వే నెంబరు వారీగా భూమి యెవరిది, సాగు చేయువారెవరు, వేసిన పంట యేది, నీరు బావిదా చెరువుదా అని వ్రాసెడి లెక్క యది. గుంటెడు భూమికి ఇంత లెక్క కలదు గదా, మన నోటిలోని ముప్పదిరెండు పండ్లకు లెక్క యెక్కడ నున్నది? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము.

ఝరాసంగము కేతకీ సంగమేశ్వరస్వామి క్షేత్రము. సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా నున్నది. ఆ ఊర ఒక అవ్వ యున్నదనుకొందము. ఆమె క్రింది దవడ పన్ను పుచ్చగా జహీరాబాదులో సిమెంటు నింపించుకొన్నది. రెండేండ్లకు అదే పన్ను మరల సలుపగా, బీదరులోని కూతురింటికి పోయినప్పుడు అచ్చటి వైద్యునకు చూపినది. మునుపు లోపల నింపినదేమి, వేరువరకు చికిత్స జరిగినదా లేదా అని ఆయన అడిగెను. అవ్వకు తెలియదు. చీటీ యెన్నడో పోయినది. చివరకు పన్ను పీకివేసిరి. జహీరాబాదు వైద్యుడు మాత్రము, ఆమె తిరిగి రాలేదు గనుక తన పని చక్కగా కుదిరినదనియే తలంచుచుండును. ఇందు దోషి యెవ్వరును లేరు, లేనిది లెక్క.

వైద్యశాలలో రిజిస్టరు లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. కాని అది నేడు ఎందరు వచ్చిరి, ఎన్ని పండ్లు తీసితిమి అనుదానినే చెప్పును. చేసిన చికిత్స ఎన్నాళ్లు నిలిచినదో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పునదే నాణ్యతా పట్టిక. స్వీడను దేశమున పిప్పిపండ్లకును చిగుళ్ల వ్యాధికిని ‘స్కాపా’ యను పట్టిక నడచుచున్నది. వైద్యుడు చికిత్సవేళ వ్రాసుకొన్న వివరములే కంప్యూటరు ద్వారా అందు చేరును. ఆయన రెండవమారు వ్రాయనక్కరలేదు. పని పెంచెడి పట్టిక నాలుగు నాళ్లు కూడ నడవదని మనము గ్రహింపవలెను.

అట్టిదానిని మనము కూర్చుకొనవలెనన్న ఏమేమి కావలెను?

మొదటిది, పంటికి నెంబరు. నోటిని నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ముందుపన్ను మొదలు జ్ఞానదంతము వరకు ఒకటి నుండి ఎనిమిది వరకు లెక్కింతురు. క్రింది యెడమవైపు మూడవ భాగము. అందు మొదటి పెద్ద దవడపన్ను ఆరవది. కనుక దాని అంకె 36. బీదరులో వ్రాసినను హైదరాబాదులో చదివినను అది ఒకే పన్ను.

రెండవది, కలిపి కూడరాని వానిని విడిగా నుంచుట. పుచ్చినవి, పోయినవి, నింపినవి కలిపి లెక్కించు పద్ధతిని 1938లో అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ అనువారు ప్రకటించిరి. నేటికిని ప్రపంచమంతట దానినే వాడుదురు. కాని మూడు పండ్లు పోగొట్టుకొన్నవానికిని, మూడు పండ్లు నింపించుకొని హాయిగా జొన్నరొట్టె నమలుచున్నవానికిని ఆ లెక్కలో మొత్తము మూడే! రోగభారము తెలియుటకు ఆ మొత్తము చాలును. వైద్యపు మేలు తెలియుటకు చాలదు. కావున మూడింటికి మూడు గడులుండవలెను.

మూడవది, నీటి గడి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో పండ్లపై మచ్చలకును ఎముకల వ్యాధికిని త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ మనమెరుగనిది కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించరాదని, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చునని భారత ప్రమాణము. పంటిని, నీటిని ప్రక్క ప్రక్కన వ్రాసినగాని ఒక ఊరి పిల్లలందరి మచ్చలకు కారణమొక్కటే యని తోచదు.

నాలుగవది, న్యాయము. కష్టమైన పండ్లను కాపాడబూనిన వైద్యునకు ఓటములెక్కువ. సులభమైనవానినే పట్టువానికి తక్కువ. రోగి వచ్చినప్పటి వయస్సు, పంటి స్థితి, పొగాకు గుట్కాల అలవాటు వ్రాయకుండ ఇరువురిని పోల్చిన, మంచివాడే చెడ్డవాడుగా కనబడును. ఇక తిరిగి రానివారిని గెలుపుగా లెక్కింపరాదు. ‘తెలియదు’ అను గడి వేరుగా నుండవలెను.

ఐదవది, గోప్యము. 2021లో దేశమంతట ఆరంభమైన డిజిటలు ఆరోగ్య పథకము పౌరునకు పదునాలుగంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చుచున్నది. వైద్యపు వివరములు రోగి సమ్మతితోనే ఒకచోటినుండి మరియొకచోటికి పోవలెనని దాని నియమము. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమును వచ్చినది. అయినను, చదువురాని అవ్వకు ఆమె మాటలలో చెప్పి పొందిన సమ్మతియే సమ్మతి. నాణ్యతను లెక్కించువారికి ఆమె పేరుతో పని లేదు, పంటితోనే పని.

ఇంతటి పట్టిక ఒక్కనాట రాదు. అంతవరకు మనము చేయదగినది యొకటి కలదు. ఇంటింట ఒక చిన్న పుస్తకము పెట్టుడు. పంటి వైద్యము జరిగిననాడు తేదీ, పంటి అంకె, చేసిన పని, నింపిన వస్తువు వ్రాసి యిమ్మని వైద్యుని మర్యాదగా అడుగుడు. అవ్వ బీదరునకు పోవునప్పుడు ఆ పుస్తకము ఆమె సంచిలో నుండిన, ఈసారి ఆ పన్ను నిలుచునేమో!