ఒసాకా గోపురంపై నుండి కనిపించినదీ, కనిపించనిదీ

(సూరత్ నగరంలోని డిండోలిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జపాను చూచి వచ్చినవాడిని గనుక అక్కడి విశేషాలు చెప్పవలసినదని ఈ సభ నిర్వాహకులు నన్ను కోరారు. రైళ్ల వేగాన్ని గూర్చి, వీధుల పరిశుభ్రతను గూర్చి, సమయపాలనను గూర్చి మీరు ఇదివరకే ఎన్నోసార్లు విని ఉంటారు. వాటిని మళ్లీ చెప్పి మీ కాలాన్ని వృథా చేయను. ఒకే ఒక్క కట్టడాన్ని గూర్చి చెబుతాను. అది ఒసాకా నగరంలోని త్సూతెన్‌కాకు గోపురం. ఆకాశాన్ని అందుకొనే మేడ అని ఆ పేరుకు అర్థం.

ఒసాకా మాట సూరత్‌లో చెప్పడానికి కారణం ఉన్నది. ఈ రెండూ నూలు, బట్ట, కూలి వీటి మీద పెరిగిన ఊళ్లే. మొగలుల కాలంలో సూరత్ ప్రపంచంలోని గొప్ప రేవులలో ఒకటి. 1613 నాటికి ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ తమ వర్తకశాలను స్థాపించుకున్నారు. 1860లో అంకలేశ్వర్ నుండి ఈ ఊరి పొలిమేరలోని ఉత్రాణ్ వరకు రైలు నడిచింది. ఒసాకాలో పెద్ద నూలు మిల్లు 1883లో పని ప్రారంభించింది. పదివేల అయిదువందల కదుళ్లతో, రెండు షిఫ్టులతో, రాత్రింబవళ్లు నడిచిన మిల్లు అది. మొదట కిరసనాయిలు దీపాల వెలుగులో, కొద్ది సంవత్సరాలకే విద్యుద్దీపాల వెలుగులో ఆడపిల్లలు అక్కడ రాత్రి షిఫ్టు చేశారు. స్త్రీలు, బాలలు రాత్రివేళ పనిచేయరాదన్న నిషేధం జపానులో 1929లో గాని అమలులోకి రాలేదు. 1893లో నిప్పన్ యూసెన్ కంపెనీ, టాటాల తోడ్పాటుతో, బొంబాయి నుండి ఒసాకా పక్కనున్న కోబె రేవుకు ఓడలు నడపసాగింది. వాటిలో వెళ్లినది ప్రధానంగా మన దేశపు దూది. మన రైతు పండించిన దూదిని అక్కడి ఆడపిల్ల వడికినది. ఒసాకాను తూర్పు దేశాల మాంచెస్టర్ అని పిలిచిన కాలం అది.

గోపురం కథ

1903లో ఒసాకాలో జాతీయ పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. నలభై లక్షల మందికి పైగా చూచిన ప్రదర్శన అది. అది ముగిసిన పిమ్మట ఆ స్థలంలో కొంత భాగాన్ని వినోద కేంద్రంగా మలచి, దానికి షిన్‌సెకాయ్, అనగా కొత్త లోకం, అని పేరు పెట్టారు. 1912లో దాని నడుమ గోపురం లేచింది. కింది భాగం పారిస్‌లోని విజయ తోరణాన్ని పోలినది, పై భాగం ఐఫిల్ గోపురాన్ని పోలినది. సామాన్య జనులు లిఫ్టులో పైకి వెళ్లి తమ ఊరిని తాము చూచుకోగల చోటు అది.

1943 జనవరిలో గోపురం పాదం వద్ద ఉన్న సినిమా హాలు అంటుకొని, గోపురం కూడా దెబ్బతిన్నది. యుద్ధకాలం గనుక దానిని బాగుచేయలేదు. విప్పివేసి, దాదాపు మూడువందల టన్నుల ఉక్కును యుద్ధ అవసరాలకు అప్పగించారు. ఊరికి చూపునిచ్చిన ఉక్కు ఆ విధంగా ఆయుధశాలకు చేరినది.

యుద్ధానంతరం దానిని మళ్లీ కట్టినది ప్రభుత్వం కాదు, మహా వ్యాపార సంస్థ కాదు. ఆ వాడలోని దుకాణదారులు, నివాసులు డబ్బు కూడగట్టి, ఒక కంపెనీ ఏర్పరచి, 1956 అక్టోబరులో గోపురాన్ని తిరిగి నిలబెట్టారు. దాని రూపకర్త నాయితో తాచూ. టోక్యో గోపురాన్ని, నాగోయా టెలివిజన్ గోపురాన్ని రూపొందించినది కూడా ఆయనే. ఎత్తు 103 మీటర్లు. పిడుగు కడ్డీతో కలిపి నేడు 108 మీటర్లు. పాత స్థలం దొరకనందున వీధి మీదనే కాళ్లు చాపి కట్టారు. ఇప్పటికీ జనం దాని కాళ్ల సందు నుండి నడచి పోతూ ఉంటారు. 1957 నుండి దాని ఒంటి మీద హిటాచీ కంపెనీ ప్రకటన వెలుగుతున్నది. శిఖరాన ఉన్న దీపాలు మరునాటి వాతావరణాన్ని తెలుపుతవి. తెలుపైతే ఎండ, నారింజ రంగైతే మబ్బు, నీలమైతే వాన. తెల్లవారి పని దొరుకునో దొరకదో తెలియని కూలీకి ఈ దీపం ఎంత ముఖ్యమైనదో మీరు ఊహించగలరు.

పైన బిల్లికెన్ అనే బొమ్మ ఉన్నది. పుట్టుక అమెరికాలో, నివాసం ఒసాకాలో. దాని అరికాళ్లు నిమిరితే అదృష్టం కలుగునని నమ్మకం. లక్షల చేతుల రాపిడికి కాళ్లు అరిగిపోగా ఇప్పుడున్నది మూడవ బొమ్మ అని చెప్పారు. అదృష్టం కోసం వరుసలో నిలబడిన వారిలో అధికభాగం జీతగాళ్లే కనిపించారు.

దక్షిణపు కిటికీ

చూచేందుకు కట్టిన అంతస్తు నేలకు సుమారు 87 మీటర్ల ఎత్తున ఉన్నది. తూర్పున జంతు ప్రదర్శనశాల, దాని వెనుక 2014లో తెరచిన మూడువందల మీటర్ల హరూకస్ భవనం. ఉత్తరాన దుకాణాల వీధులు. యాత్రికులు ఫొటోలు తీసుకొనేది ఈ రెండు వైపులే. నేను దక్షిణపు కిటికీ వద్ద ఎక్కువసేపు నిలబడ్డాను. అక్కడ ముందు రైలుమార్గం కనిపిస్తుంది, షిన్ ఇమామియా స్టేషను కనిపిస్తుంది. ఆ పట్టాలకు ఆవల ఇరుకు కప్పులు. ఆ వాడ పేరు కామగసాకి.

కామగసాకి అంటే మన భాషలో అడ్డా. తెల్లవారుజామున మేస్త్రీలు వాహనాలతో వచ్చి, కావలసినంతమందిని ఎక్కించుకొని పోయేవారు. మిగిలినవారు తిరిగి వెళ్లేవారు. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కట్టడాలకు, వంతెనలకు, రేవులకు చెమట ధారపోసిన వారిలో వీరున్నారు. 1961 ఆగస్టులో ఒక ముసలి కూలీని టాక్సీ గుద్దింది. పోలీసులు అతనిని ఆసుపత్రికి తరలించక, చనిపోయాడని తలచి రోడ్డు మీదనే వదిలారన్న ఆగ్రహంతో వాడ అంతా తిరగబడింది. ఆ పిమ్మటనే ప్రభుత్వ దృష్టి అటు మళ్లినది. 1966లో అధికారులు ఆ వాడకు ఐరిన్, అనగా ఇరుగుపొరుగు ప్రేమ, అని కొత్త పేరు పెట్టారు. 1970లో అక్కడ కార్మిక కేంద్రం వెలసినది. అది 2019లో మూతపడినది.

దినకూలీకి నిరుద్యోగ భృతి ఇచ్చే పద్ధతి ఒకటి జపానులో ఉన్నది. కూలీ చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. పనిచేసిన ప్రతి రోజుకు యజమాని అందులో స్టాంపు అంటించాలి. రెండు నెలలలో ఇరవై ఆరు స్టాంపులు చేరితే, ఆ తరువాతి నెలలో పని దొరకని రోజులకు భృతి లభిస్తుంది. స్టాంపుల విలువ తపాలా ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. ఇరవై అయిదు స్టాంపులున్నవాడికి ఏమీ లేదు. అందుకని యజమాని చేత స్టాంపు వేయించుకోవడమే అక్కడ ఒక పోరాటం.

ఈ వాడ గోపురానికి నడక దూరంలోనే ఉన్నది. గోపురం పైన ఉన్న సూచిక పలకలు కోటను చూపుతవి, కొండలను చూపుతవి. మనిషిని చూపవు.

పట్టాల మీద జరిగినది

ఆ కిటికీ నుండి కనిపించిన రైళ్లు ఒకప్పుడు జపాను జాతీయ రైల్వేలవి. 1975 నవంబరు ఆఖరున సమ్మె హక్కు కోసమే అక్కడి ప్రభుత్వరంగ ఉద్యోగులు ఎనిమిది రోజులు సమ్మె చేశారు. రైల్వే, తపాలా కార్మికులు భుజం భుజం కలిపి నిలబడ్డారు. అంతకు ఏడాదిన్నర ముందు, 1974 మే నెలలో, మన రైల్వే కార్మికులు ఇరవై రోజులు నడిపిన సమ్మెను ఎరిగిన మనకు ఆ రోజులు ఎటువంటివో తెలుసు.

1987 ఏప్రిల్ 1వ తేదీన ఆ రైల్వేలను ఏడు కంపెనీలుగా చీల్చారు. ఉద్యోగులను కొత్త కంపెనీలు తీసుకొనేటప్పుడు కొకురో సంఘ సభ్యులలో వేలమంది పేర్లు జాబితాలోకి ఎక్కలేదు. 1990లో 1,047 మందిని పూర్తిగా తొలగించారు. వారు చిన్న చిన్న పనులు చేసుకుంటూ, చిల్లర వ్యాపారాలు చేసుకుంటూ పోరాడారు. కొత్త కంపెనీలకు బాధ్యత లేదని 2003 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చివరకు 2010లో రాజీ కుదిరినది. డబ్బు వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఆ లోపల పలువురు కన్నుమూశారు.

తపాలా కథ మరొకటి. 2007 అక్టోబరులో అక్కడి తపాలా శాఖ కంపెనీలుగా మారినది. ఒకే ఉత్తరాల సంచి మోసేవారిలో ఒకరు శాశ్వత ఉద్యోగి, మరొకరు ఒప్పంద ఉద్యోగి. ఒకరికి భృతులు, సెలవులు ఉన్నవి, మరొకరికి లేవు. ఒప్పంద ఉద్యోగులు కోర్టుకు వెళ్లారు. కొత్త సంవత్సరపు పని భత్యం, కుటుంబ భత్యం, వేసవి, చలికాలపు సెలవులు వంటివి వారికి నిరాకరించడం అన్యాయమని 2020 అక్టోబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది గొప్ప విజయం. అయితే దీనికి రెండేళ్ల ముందు జరిగిన దానిని కూడా గమనించండి. సమానత్వం అడిగినప్పుడు యాజమాన్యం 2018లో శాశ్వత ఉద్యోగులలో సుమారు అయిదువేల మంది ఇంటి అద్దె భత్యాన్ని తొలగించే నిర్ణయం తీసుకొన్నది. కిందివాడిని పైకి తీసుకురావడం ఒక సమానత్వం, పైవాడిని కిందికి దించడం మరొక సమానత్వం. కిందివాడు చాలాకాలం సంఘానికి వెలుపల ఉండిపోతే, యాజమాన్యం ఎంచుకొనేది రెండవదే.

డిండోలిలో మన పని

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఇక్కడి మరమగ్గాల కార్ఖానాలలో పన్నెండు గంటల షిఫ్టు కొత్త మాట కాదు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం నుండి వచ్చిన నేతగాళ్ల కుటుంబాలు ఈ ఊరిలో తరాలుగా ఉన్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపినదంటే మనవారి సంఖ్య ఎంతటిదో తెలియగలదు. వారిని వరంగల్లు వైపు నుండి తీసుకొని వచ్చేది నవజీవన్. వారి సంపాదన ఇంటికి చేరినది ఎన్నో ఏళ్లు మనియార్డరు మీద. అనగా ఈ ఊరి తెలుగు కార్మికుడి జీవితానికి రెండు కొసలు పట్టుకొన్నది మీరు, రైల్వేవారు, తపాలావారు.

మన శాఖలలోనూ దక్షిణపు కిటికీ ఉన్నది. పెట్టెలు కడిగేవారు, దుప్పట్లు పంచేవారు, ప్లాట్‌ఫారం ఊడ్చేవారు నేడు అనేక చోట్ల కాంట్రాక్టరు మనుషులు. వారి జీతం ఎంత, భవిష్యనిధి కట్టారా లేదా అని అడిగేవారు అరుదు. తపాలాలో గ్రామీణ డాక్ సేవకులు రెండున్నర లక్షలకు తక్కువ కాకుండా ఉన్నారు. వారు పాత పేరుతో ఈ.డీ. ఏజెంట్లుగా ఉన్నప్పుడు, 1977లో, వారివి సివిల్ పదవులేనని రాజమ్మ కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది. 1997లో తల్వార్ కమిటీ, 2016లో కమలేశ్‌చంద్ర కమిటీ నివేదికలు ఇచ్చినవి. అయినప్పటికీ వారు శాఖ గడప లోపలికి పూర్తిగా రాలేదు. రైల్వేలో ప్రాజెక్టుల క్యాజువల్ కూలీలకు తాత్కాలిక హోదా 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసు వలన లభించినది. ఆనాటి క్యాజువల్ కూలీలలో ఎందరో పిమ్మట శాశ్వత ఉద్యోగులై, మన సంఘాలకు బలమైన స్తంభాలైనారు. ఈ సభలో కూర్చున్న పెద్దలలో కొందరి తండ్రులు అట్లా వచ్చినవారే.

కొందరు మిత్రులు అంటారు: వారిని చేర్చుకుంటే మన డిమాండ్ల పట్టిక పొడవైపోతుంది, మన బేరం పలచబడుతుంది, గుర్తింపు నిబంధనలు అడ్డు వస్తవి అని. నిబంధనల అడ్డంకి నిజమే. సభ్యత్వ రసీదు ఇవ్వలేని చోట వారికి వేరే సంఘం పెట్టించి, మన కార్యాలయంలోనే బల్ల వేసి ఇవ్వవచ్చును. బేరం పలచబడునన్న మాటకు ఒసాకా తపాలావారి అనుభవమే సమాధానం.

కనుక ఈ ఊరి శాఖలకు మూడు పనులు సూచిస్తున్నాను. మొదటిది, ప్రతి స్టేషనులో, ప్రతి తపాలా కార్యాలయంలో కాంట్రాక్టు మీద పనిచేసేవారి పట్టిక తయారుచేయండి. పేరు, కాంట్రాక్టరు, రోజు కూలి, భవిష్యనిధి, ప్రమాద బీమా ఈ అయిదు గడులు చాలును. రెండవది, నెలకొకసారి వారి భాషలో, అనగా తెలుగులో, ఒడియాలో, మరాఠీలో, హిందీలో, వారి షిఫ్టు ముగిసే వేళకు సమావేశం పెట్టండి. మన వీలును బట్టి కాదు, వారి వీలును బట్టి. మూడవది, చందాలో ఒక చిన్న భాగాన్ని వారి కేసుల నిమిత్తం విడిగా ఉంచండి. ఒసాకాలో ఒక వాడవారు చేతి డబ్బుతో నూట మూడు మీటర్ల ఉక్కును నిలబెట్టినప్పుడు, మనం ఒక నిధిని నిలబెట్టలేమా?

ఈ పట్టికలు రాబోయే జిల్లా మహాసభ నాటికి కార్యదర్శికి అందాలి. ఎన్ని పేర్లు చేరినవో ఆ సభలో లెక్క చెప్పుకుందాం. 

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!